ఎల్వుడ్ దొరసాని బడి, రూతమ్మగారి బడి

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం మా ఇంటి తలుపు తట్టి, ముప్ఫై ఏళ్ళ అమ్మాయి ఒకామె తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తన పేరు దుర్గ అనీ, నూకరత్నంగారి కోడలిననీ చెప్పింది. నూకరత్నం నాతో ఆరేళ్ళపాటు ఒకే బల్ల మీదా, తరవాత ఒకే చాప మీదా కూర్చుని చదువుకున్న మనిషి. ఆ పేరు ఇంకొకరి నోట విని యాభై ఏళ్ళు దాటి ఉంటుంది. నేను రాజమండ్రిలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయ్యానని ఆమెకు ఎవరు చెప్పారో, నా ఇల్లు ఎలా పట్టుకున్నారో అడగాలని కూడా తోచలేదు. లోపలికి రమ్మని, ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను.

దుర్గ భర్త కాకినాడ దగ్గర రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు. పిల్ల చదువు కోసమని తల్లీకూతుళ్ళు ఇద్దరూ రాజమండ్రిలో అద్దెకు దిగారు. పిల్ల పేరు లాస్య. దుర్గ సంచిలోంచి నున్నటి కాగితాల పుస్తకాలు రెండు తీసి బల్ల మీద పెట్టింది. ఊరి బయట కొత్తగా వెలిసిన రెండు ఇంటర్నేషనల్ స్కూళ్ళవి అవి. ఒకటి బ్రిటిష్ సిలబస్, ఇంకొకటి అమెరికన్ సిలబస్. మొదటిదాని అట్ట మీద కోట్లు వేసుకుని టైలు కట్టుకున్న పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. రెండోదాని అట్ట మీద పిల్లలు గడ్డిలో బోర్లా పడుకుని నవ్వుతున్నారు.

"మా అత్తగారు మిమ్మల్నే అడగమన్నారండి. ఇంగ్లీషోళ్ళ బడీ అమెరికావోళ్ళ బడీ రెండూ చదివింది మీరిద్దరేనంట కదండి. ఆవిణ్ణి అడిగితే నాకేం తెలుసు, సుభద్రగారి దగ్గరికెళ్ళు అంటున్నారు," అంది దుర్గ.

నేను మాట్లాడేలోపు ఫోను మోగింది. మా పాత స్కూల్లో పనిచేసిన స్నేహితురాలు. రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి పెట్టేశాను. వెనక్కి తిరిగేసరికి లాస్య తన అరచెయ్యి చెవికి ఆనించుకుని, నేను మాట్లాడిన ఆఖరి నాలుగు వాక్యాలూ నా గొంతుతో, నా దగ్గుతో సహా అప్పజెప్పింది. తల్లి కసిరింది. పుస్తకాల్లో ఒకటి పిల్ల చేతికిచ్చి, అట్ట మీద ఏం రాసుందో చదవమన్నాను. పిల్ల ముందు బొమ్మ చూసింది, తరవాత తల్లి మొహం చూసింది, నవ్వింది, ఇందాక తల్లి నాతో అన్న మాటలనే ఇంగ్లీషు చేసి చెప్పింది. అక్షరాల వంక చూడనే లేదు. ఆ నవ్వు నాకు తెలుసు. ఆ నవ్వు పక్కన నేను ఆరేళ్ళు కూర్చున్నాను.

*

ఆ రెండు బళ్ళ అసలు పేర్లూ, ఊళ్ళ పేర్లూ ఇక్కడ రాయను. మొదటిది మా ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో, రామచంద్రపురం వైపు కాలవ ఒడ్డున ఉండేది. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషన్ వాళ్ళు నడిపేవారు. మా నాన్న వరి పండించే రైతు. ఇంగ్లీషులో కాగితం ఏదొచ్చినా చదివించుకోవడానికి మనిషిని వెతుక్కుంటూ ఆయన ఊళ్ళు తిరిగేవాడు. ఆ తిరుగుడు నా పిల్లకు ఉండకూడదని నన్ను అయిదో తరగతిలో అక్కడ హాస్టల్లో చేర్పించాడు. శనివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చేదాన్ని. మా నాయనమ్మ వీధి అరుగు మీదే నన్ను ఆపేసేది. బడి గౌను వసారాలో మేకుకు తగిలించి, నూతి దగ్గర తలారా నీళ్ళు పోసుకున్నాకే లోపలికి రానిచ్చేది. పెరట్లో ధాన్యం ఉడకబెడుతున్న ఆవిరి వాసన, పొయ్యి మీద కాగుతున్న పాలలో పిడక పొగ వాసన, ఆవిడ చీర కొంగు నుంచి వచ్చే కర్పూరం వాసన, ఇవన్నీ కలిసి నా ఒంటి మీదున్న ఫినాయిలు వాసనను తుడిచేసేవి. ఆవిడ నా జుట్టు తుడుస్తూ, ఆ దొరసాని ఈ వారం ఎవరిని కొట్టిందే అని అడిగేది. నేను చెబితే శ్రద్ధగా వినేది. ఆవిడకు ఎల్వుడ్ దొరసాని అంటే గౌరవం. కొట్టేవాళ్ళకే చదువు చెప్పడం వచ్చునని ఆవిడ నమ్మకం.

మిస్ ఎల్వుడ్ పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ బూడిదరంగు గౌనులో ఉండేది. ఆవిడ క్లాసులోకి వస్తుంటే పిల్లలం లేచి నిలబడి, కూర్చోమనేదాకా నిలబడే ఉండేవాళ్ళం. ఉదయం వరసలో గోళ్ళు, చెవుల వెనకాల, గౌను అంచు చూసేది. పిల్లల్ని నాలుగు జట్లు చేసి, ఒక్కొక్క జట్టుకు ఒక రంగు రిబ్బను ఇచ్చింది. ఒకరు తప్పు చేస్తే జట్టు మొత్తానికి మార్కులు పోయేవి. అందుకని దొరసాని కొట్టకముందే పిల్లలే ఒకరినొకరు గిల్లుకునేవారు. నెలకొకసారి ర్యాంకుల కాగితం వరండాలో అతికించేవారు. మొదటి పేరు పైన, చివరి పేరు కింద, ఆ కింది పేరు చుట్టూ ఎర్ర గీత. చదువు బాగా వచ్చినా ఆవిడ అనే మాట ఒక్కటే, ఫరవాలేదు అని. ఆ ఫరవాలేదు కోసం నేను ప్రాణం పెట్టేదాన్ని. శుక్రవారం స్పెల్లింగు పరీక్ష. తప్పుకు ఒక దెబ్బ, అరచేతి మీద, రూళ్ళకర్రతో. ఆవిడ కోపంగా కొట్టేది కాదు. తలుపు గొళ్ళెం పెట్టినంత మామూలుగా కొట్టేది.

ఆ దెబ్బల్లో ముప్పాతిక వంతు నూకరత్నానివే. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చిన పిల్ల. తండ్రి వేటకు వెళ్ళేవాడు, తల్లి అప్పాయమ్మ చేపల గంప మోసేది. మిషన్ వాళ్ళు ఆ పల్లెకు మందులివ్వడానికి వెళ్ళినప్పుడు, వాళ్ళు మాట్లాడుకున్న ఇంగ్లీషు ఈ పిల్ల వాళ్ళ వెనకాలే నడుస్తూ అచ్చు వాళ్ళలాగే అనేసిందట. ఆశ్చర్యపోయి తెచ్చి చేర్చారు. ఒకసారి వింటే చాలు, పాటగానీ పాఠంగానీ దానికి వచ్చేసేది. మిస్ ఎల్వుడ్ పక్క గదిలో ఉందనుకుని మేం లేచి నిలబడేలా ఆవిడ గొంతుతో మాట్లాడేది. కానీ కాగితం ముందు పెడితే ఏమీ లేదు. బి రాయమంటే డి రాసేది, ఒకే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాసేది. తెలుగూ అంతే. ఒకసారి కాలవ మెట్ల మీద కూర్చుని వాచిన అరచేతులు నీళ్ళలో పెట్టుకుని నాతో అంది, "అక్షరాలు నిలబడవే సుభద్రా. నేను చూస్తంటే చేపపిల్లల్లా చెదిరిపోతాయి." నేను నవ్వాను. సరిగ్గా చూడవు, అందుకే అన్నాను.

చిన్న తరగతుల్లో నోటి పరీక్షలు ఎక్కువ కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. ఏడో తరగతికి వచ్చేసరికి ఒక దారి కనిపెట్టింది. మర్నాటి పాఠాన్ని సాయంత్రం నాచేత పైకి చదివించుకునేది. మర్నాడు పుస్తకం పట్టుకుని, గుర్తున్నది గుర్తున్నట్టు చదివినట్టే చెప్పేసేది. నేనప్పుడు క్లాసు మానిటర్ని. గౌనుకు ఇత్తడి బిళ్ళ ఉండేది. తెలుగులో మాట్లాడినవాళ్ళ పేర్లూ, చూసి రాసినవాళ్ళ పేర్లూ రాసి ఇవ్వడం నా పని. ఒకరోజు నూకరత్నం లేచి ఒక పేజీ పాఠం తడుముకోకుండా చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి. మిస్ ఎల్వుడ్ కిటికీ దగ్గర నిలబడి విన్నది. అయ్యాక, చాలా బాగుంది అంది. నాకు మూడేళ్ళలో ఎప్పుడూ అనని మాట అది. నూకరత్నం మొహం వెలిగిపోయింది. నేను చెయ్యెత్తి లేచి, తను పుస్తకం వేరే పేజీ తెరిచి పట్టుకుందని చెప్పాను.

నేను చెప్పింది నిజమే. మిస్ ఎల్వుడ్ వచ్చి పుస్తకం చూసింది. ఆ రోజు దెబ్బలు కొట్టలేదు. నూకరత్నాన్ని కూర్చోమని, తన నోటుబుక్కులో ఏదో రాసుకుంది. నూకరత్నం నా వైపు చూడలేదు. సాయంత్రం మెట్ల దగ్గరికి పాఠం చదివించుకోవడానికి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది, ఇంకెవరి దగ్గరికి వెళ్తుంది. నేను చదివాను. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

సంవత్సరం చివర ఏడో తరగతి పరీక్షలయ్యాక అప్పాయమ్మను పిలిపించారు. ఆవిడ చీర తడి ఆరకుండానే వచ్చి, దొరసాని గది గుమ్మం బయటే నిలబడింది. పక్కన నూకరత్నం. మిస్ ఎల్వుడ్ నన్ను పిలిచి, తను చెప్పేది తెలుగులో చెప్పమంది. ఈ అమ్మాయికి చదువుకునే శక్తి లేదనీ, మూడేళ్ళు చూశాననీ, ఇంకా ఉంచుకోవడం ఆమెకు మేలు చేసినట్టు కాదనీ, ఇంటికి తీసుకువెళ్ళి ఆమె చెయ్యగల పని నేర్పించమనీ చెప్పింది. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. వైద్యుడు చెప్పినట్టు చెప్పింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తుకుని తెలుగు చేశాను.

"మీ అమ్మాయికి బుర్ర లేదంట. ఇంటికి తీసుకుపోయి పని నేర్పించుకోమంటున్నారు."

"అలాగేనండి," అంది అప్పాయమ్మ. దొరసానికి దణ్ణం పెట్టింది. నాకూ పెట్టింది. పన్నెండేళ్ళ పిల్లను నేను. ఆ దణ్ణం నాకు ఇప్పటికీ అరగలేదు.

*

రూతమ్మగారు అమెరికా నుంచి వచ్చిన మనిషి. గోదావరి దాటి అవతల, గట్టు కింద వాళ్ళ మిషన్ హైస్కూలు ఉండేది. ఆ ఏడు మా బడి వార్షికోత్సవానికి ఆవిడ అతిథిగా వచ్చినప్పుడు నూకరత్నం వేదిక మీద పొడుగాటి ఇంగ్లీషు పద్యం అప్పజెప్పింది. అది ఆవిడ మరిచిపోలేదు. పిల్ల పేరు తీసేశారని విని పల్లెకు జీపులో వెళ్ళి, తల్లిని ఒప్పించి తీసుకుపోయింది. వెళ్తూ మా ఇంటికి కూడా వచ్చింది. ఈ పిల్లకు తెలిసిన స్నేహితురాలు పక్కన ఉంటే బావుంటుందని, ఎనిమిదో తరగతికి నన్ను తన బడిలో వెయ్యమని నాన్నను అడిగింది. మా అరుగు మీద చాప వెయ్యకముందే నేల మీద కూర్చుంది. నాయనమ్మ పెట్టిన పులిహోర చేత్తో తిని, ఆకు తనే తీసింది. ఆవిడ వెళ్ళాక నాయనమ్మ మొహం చిట్లించి, దొరసాని అంటే దొరసానిలా ఉండాలి, ఈవిడేం చదువు చెబుతుంది అంది. నాన్న మాత్రం సరేనన్నాడు. ఆవిడ తనను పేరు వెనక గారు పెట్టి పిలిచిందని ఆయనకు సంతోషం.

ఆ బడిలో అడుగుపెట్టినప్పుడు నాకు భయం వేసింది. ఎవరూ లేచి నిలబడలేదు. పిల్లలు చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు, రూతమ్మగారు వాళ్ళ మధ్య కూర్చుంది. తనను ఒట్టి రూత్ అని పిలవమంది. మాకు నోరు రాక అమ్మగారు తగిలించుకున్నాం. ర్యాంకుల కాగితం లేదు. మార్కులకు బదులు నక్షత్రాలు. ఏం రాసినా ఏదో ఒక నక్షత్రం. నేను వాక్యం చివర చుక్కను ఫుల్‌స్టాప్ అన్నాను, అక్కడ అది పీరియడ్. జెడ్ జీ అయింది. కలర్‌లో యు ఉండాలని నేను వాదిస్తే రూతమ్మగారు నవ్వి, నీది ఇంగ్లండు వాళ్ళ పద్ధతి, అదీ మంచిదే అంది. రెండూ మంచివే ఎలా అవుతాయో నాకు అర్థం కాలేదు. ఒకరోజు ఒక పిల్ల ఏదో ప్రశ్న అడిగితే, నాకు తెలియదు, వెతికి చూద్దాం అంది. టీచరుకు తెలియకపోవడం అనేది ఒకటుంటుందని నేను అప్పటిదాకా వినలేదు. ఆ రాత్రి హాస్టల్లో నిద్రపట్టలేదు, ఏదో తప్పు చోటికి వచ్చాననిపించింది. ఉదయం పసుప్పచ్చ మొక్కజొన్న నూక ఉప్మా, మధ్యాహ్నం పాలపొడి కలిపిన పాలు, బడి అంతా ఆ పాలపొడి తియ్యటి వాసన. ఆదివారం ఆవిడ తన గిన్నె తనే తోముకునేది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడితే వచ్చి మెల్లగా విడదీసేది.

నూకరత్నం మాత్రం అక్కడే పుట్టినట్టు కలిసిపోయింది. వారం తిరిగేసరికి రూతమ్మగారిలా ముక్కుతో ఆర్ పలికింది. నాటకాలన్నిటిలో అదే ముందు. పిల్లల సంఘానికి నాయకురాలయింది. ఎవరెవరో అమెరికా వాళ్ళు బడి చూడ్డానికి వస్తే, వాళ్ళకు బడంతా తిప్పి చూపించేది నూకరత్నమే. నల్లగా మెరిసే మొహం, బారుజడ, చేతులూపుతూ గడగడా ఇంగ్లీషు. వాళ్ళు రూతమ్మగారి చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకునేవారు. రాత పని వచ్చినప్పుడు నేను రాసిపెట్టేదాన్ని. అది చెబుతుంది, నేను రాస్తాను. మొదట్లో సాయం అన్నట్టు, తరవాత అలవాటుగా. మునుపు చేసిన దానికి ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నానని నాలో నేను అనుకున్నాను. ఒకసారి రూతమ్మగారు చూసింది. నా చేతిలో దాని పుస్తకం ఉంది. ఆవిడ కోప్పడలేదు. నా భుజం తట్టి, అందరూ ఒకేసారి పూసే పూలు కారు, తన సమయం వచ్చినప్పుడు తనే రాస్తుంది అంది. ప్రతి ఏడూ అందర్నీ పై తరగతికి పంపేవారు. నూకరత్నం నాతో అనేది, టీచర్ ట్రైనింగుకు వెళ్తుందట, రూతమ్మగారు మాటిచ్చారట, ఇదే బళ్ళో చిన్న పిల్లలకు చెబుతుందట. నేను తలూపేదాన్ని. దానికి తన పేరు కూడా సరిగా రాయడం రాదని నాకు తెలుసు. దానికీ తెలుసు. ఆ మూడేళ్ళలో ఆ మాట మేం ఒక్కసారి కూడా అనుకోలేదు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు రెండు నెలల ముందు రూతమ్మగారి తల్లికి జబ్బు చేసిందని కబురు వచ్చింది. సెలవు మీద వెళ్ళింది, మళ్ళీ రాలేదు. పరీక్ష గదిలో నూకరత్నం నాకు మూడు వరసల ముందు కూర్చుంది. మూడు గంటలూ కదలకుండా కూర్చుంది. బయటికి వచ్చాక, అన్నీ వచ్చు, నోటికి వచ్చు అంది. అన్ని పేపర్లూ పోయాయి. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయింది. మూడోసారి హాల్ టికెట్టు నంబరే తారుమారుగా వేసిందట, ఫలితం కూడా రాలేదు. మొదటిసారి ఫలితాలు వచ్చిన వారానికి అమెరికా నుంచి ఉత్తరం వచ్చింది. సంగతి తెలియక రాసిన ఉత్తరం. మీ ఇద్దర్నీ తలుచుకుంటే నాకెంతో గర్వంగా ఉంది అని. నూకరత్నం దాన్ని నాకిచ్చి చదవమంది. చదివాను. రెండోసారి చదవమంది. మూడోసారి అడగలేదు, అప్పటికి వచ్చేసి ఉంటుంది.

నేను కాలేజీలో చేరాను. అది పల్లెకు వెళ్ళిపోయింది, తల్లి గంప అందుకుంది, పెళ్ళి చేశారని విన్నాను. అది ఉత్తరం రాయలేదు, నేను రాస్తే చదవలేదు, అందుకని నేను రాయలేదు. ఇది నాకు నేను చెప్పుకునే సాకు. తరవాత ముప్ఫయ్యేళ్ళు క్లాసుల్లో నిలబడ్డాను. అలాంటి పిల్లలు ఏడాదికొకరో ఇద్దరో కనిపించేవారు. అది తెలివితక్కువతనం కాదనీ, దానికొక పేరుందనీ, వేరే పద్ధతిలో ఓపిగ్గా నేర్పితే చాలామందికి చదవడం వస్తుందనీ సర్వీసు చివర్లో ఒక ట్రైనింగులో చెప్పారు. ఆ మధ్యాహ్నం భోజనం చెయ్యలేకపోయాను. ఎల్వుడ్ దొరసాని నిజం చెప్పి దాన్ని వెళ్ళగొట్టింది. రూతమ్మగారు అబద్ధం చెప్పి దగ్గరికి తీసుకుంది. ఇద్దరిలో ఒక్కరూ దాని పక్కన కూర్చుని, ఈ అక్షరం నీకెలా కనపడుతోందని అడగలేదు. కాలవ మెట్ల మీద అది అడక్కుండానే చెప్పింది నాకు. నేను నవ్వాను.

*

ఇదంతా దుర్గకు చెప్పలేదు. పిల్లకున్న ఇబ్బంది మాత్రం చెప్పాను. ఆమె పెద్దగా పట్టించుకోలేదు, అల్లరండి, కుదురుగా కూర్చోదండి అంది. రెండు బళ్ళకూ నేను కూడా వస్తానన్నాను. బ్రిటిష్ సిలబస్ బడిలో ఎంట్రన్సు టెస్టు. చల్లటి గది, టై కట్టుకున్న కుర్రాడు టీచరు. పిల్ల నలభై నిమిషాలు పెన్సిలు పట్టుకుని కూర్చుని, కాగితం మూల ఒక చేపను గీసి ఇచ్చింది. మా స్టాండర్డ్‌కు సరిపోదండి, సారీ అన్నారు. అక్కడ రూళ్ళకర్ర లేదు, అంతే తేడా. అమెరికన్ సిలబస్ బడిలో టెస్టే లేదు. గేటులోనే పిల్లకు బెలూను ఇచ్చారు. ప్రిన్సిపాల్‌గారే మోకాళ్ళ మీద కూర్చుని పిల్లతో మాట్లాడి, అది గడగడా చెప్పేసరికి చప్పట్లు కొట్టి, వండర్‌ఫుల్ చైల్డ్ అంది. చదవడం రాని పిల్లలకు విడిగా నేర్పే టీచరు ఉన్నట్టు మీ పుస్తకంలో వేశారు కదండి, ఆవిడను చూడొచ్చా అని అడిగాను. ఆ పోస్టు ఇంకా భర్తీ కాలేదు మేడమ్ అంది. ఎప్పుడవుతుందన్నాను. మా దగ్గర ప్రతి బిడ్డా స్పెషలే మేడమ్ అంది నవ్వుతూ.

అయితే నేనే నేర్పుతానన్నాను. సెలవులు ఇంకా నెలరోజులున్నాయి, రోజూ ఉదయం ఆటోలో వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టాను. పళ్ళెంలో ఇసక పోసి వేలితో దిద్దించాను, ఉప్పుకాగితంతో అక్షరాలు కత్తిరించి తడమమన్నాను. ట్రైనింగులో చూసింది గుర్తున్నంత చేశాను. కానీ నా చెయ్యి మిస్ ఎల్వుడ్ దగ్గర నేర్చుకున్న చెయ్యి. మూడోసారి తప్పు రాస్తే నా గొంతు మారిపోయేది, నాకే వినపడేది. పిల్ల ఏడ్చేది. పక్షం రోజులయ్యాక, ఆటో చప్పుడు వింటే మంచం కిందికి దూరిపోతోందండి అని దుర్గ మొహమాటంగా చెప్పింది. మర్నాటి నుంచి వెళ్ళలేదు.

అప్పుడు పిఠాపురంలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని నూకరత్నం దగ్గరికి వెళ్ళాను. సముద్రం కోతకు పాత ఇల్లు పోయిందట, వెనక్కి జరిగి రెండు గదుల డాబా కట్టుకున్నారు. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఎండు చేపలు ఏరుతోంది. మోకాళ్ళు పోయాయి, జడ పోయింది. నన్ను చూసి లేవబోయింది. నేను వద్దన్నా కుర్చీ తెప్పించి వేయించింది. రండి, కూర్చోండి అంది. నన్ను మీరు అనకు నూకరత్నం అన్నాను. అలాగేనండి అంది.

పిల్ల సంగతి అంతా చెప్పాను. చేపలు ఏరుతూనే వింది. నూకరత్నానికి ఇది కొత్తేం కాదు, పిల్ల పలక పట్టినప్పుడే కనిపెట్టినట్టుంది. చెప్పి చెప్పి, నేను ఇంక ఆపుకోలేక ఆ రోజు దొరసాని గది గుమ్మం దగ్గర నేను తెలుగు చేసిన మాటలు ఎత్తాను. క్షమించమని అడగబోయాను.

"దొరసానిగారన్నది నాకు ముందే అర్థమైందండి. నాకు వినపడితే చాలు కదా," అంది నూకరత్నం. "మా అమ్మకి మీరెలా చెప్తారా అని మీ మొహమే చూస్తన్నాను."

ఆమె మొహంలో కోపం లేదు. నేను దాని కోసం వెతికాను కూడా, కోపం ఉంటే బావుణ్ణనిపించింది. లోపలికి కేకేసి నాకు కొబ్బరిబొండం కొట్టించింది. బొండం తాగి, పిల్లను ఏ బళ్ళో వెయ్యమంటావని అడిగాను. ఆ అమెరికా బడి దానికి చదవడం నేర్పదనీ, పదో తరగతి దాకా చప్పట్లు కొట్టి తరవాత వదిలేస్తారనీ విడమరిచి చెప్పాను.

"దాన్లోనే వెయ్యమని చెప్పండి దుర్గకి," అంది. "రూతమ్మగారి దగ్గర ఆ మూడేళ్ళూ నేను బాగానే ఉన్నానండి. దానికీ అన్నేళ్ళన్నా ఉంటాయి. తరవాతంటారా, తరవాత ఎలాగూ ఇదే కదండి."

ఎండు చేపలు చూపించి అనలేదు ఆ మాట. సముద్రం వైపు కూడా చూడలేదు. చేసే పని ఆపకుండా అంది. అలా కాదు, వేరే దారి ఉంటుంది, చెన్నపట్నంలోనో హైదరాబాదులోనో నేర్పేవాళ్ళుంటారు అని నేనేదో అన్నాను. ఉంటారండి అంది, ఎక్కడో ఉన్నవాళ్ళ గురించి మాట్లాడినట్టు. చీకటి పడకముందే బయల్దేరమంది, ఈ రోడ్డు మీద ఆటోలు దొరకవని.

జూన్లో లాస్యను అమెరికన్ సిలబస్ బడిలో చేర్పించారు. ఊళ్ళో ఇంకెవరూ లేరని గార్డియన్ అన్నచోట నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకు చేసినట్టు వాళ్ళు ఆ కాగితం తెలుగులో చదివి వినిపించబోతే, నేను ఇంగ్లీషు టీచర్నండి, చదవగలను అన్నాను. మొన్న ఆదివారం దుర్గ పిల్లను తీసుకొచ్చింది. పిల్ల ఇప్పుడు ముక్కుతో ఆర్ పలుకుతోంది. మొదటి టర్మ్ రిపోర్టు నా చేతికిచ్చి, దానిలో ఏం రాశారో నా ఎదురుగా నిలబడి, ఒక్క మాట తప్పకుండా చదివింది. రిపోర్టును పిల్ల వైపు తిప్పి, తలకిందులుగా పట్టుకున్నది నేను. తను అది గమనించనే లేదు.

చాలా బాగా చదివావమ్మా అన్నాను.